రెండో హెచ్చరిక

శ్రావణంలో వచ్చిన గోదావరి వరద వారం తిరక్కుండానే తీసింది గాని, మూడో ప్రమాద హెచ్చరికను ఎవరూ ఉపసంహరించకపోవడం వల్ల ఎదురుపాయలంక గ్రామం పుష్యమాసం వచ్చినా నీళ్ళలోనే ఉండిపోయింది.

వీధులు ఎండిపోయి దుమ్ము లేస్తోంది. కొబ్బరితోటల్లో మేట వేసిన ఒండ్రు బీటలు వారి, ఆ బీటల్లోంచి గడ్డి మొలిచి మోకాలెత్తు పెరిగింది. అయినా ఊరు అధికారికంగా నిలువెత్తు నీటిలో ఉంది కనుక ఇంటి నుంచి కదలాలంటే పడవ ఎక్కవలసిందే. ఊళ్ళో ఉన్న ఒక్క పడవా ఏసుదాసుది. అతనూ మరికొందరూ పడవలో నిలబడి వెదురు గెడలతో నేలను పొడిచి నెడితే అది జానెడు జానెడు చొప్పున ముందుకు జరిగేది. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి రేషన్ షాపు దాటేది. ఎక్కినవాళ్ళంతా లైఫ్ జాకెట్లు తొడుక్కుని, దుమ్ము పడకుండా ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చునేవారు. పడవ అడుగు అరిగిపోతోంది, చక్రాలు బిగించుకుంటామని ఏసుదాసు అర్జీ పెడితే, ముంపు ప్రాంతంలో చక్రాల వాహనాలు నిషేధమని జవాబు వచ్చింది. అది సబబుగానే ఉందని ఏసుదాసు కూడా ఒప్పుకున్నాడు.

మొదట్లో కొందరు కుర్రాళ్ళు నడిచి వెళ్ళారు. నడిచినవాళ్ళను వరదలో కొట్టుకుపోయినవారిగా నమోదు చేసి, వాళ్ళ భోజనం పొట్లాలు ఆపేశారు. తల్లులు వచ్చి, పక్కనే నిలబడి ఉన్న కొడుకుల్ని చూపిస్తే, కొట్టుకుపోయిన మనిషి దిగువన ఎక్కడైనా ప్రాణాలతో తేలినట్టు ఆ ఊరివాళ్ళు చెప్పాలన్నారు. కుర్రాళ్ళు దిగువ ఊరికి వెళ్ళి, అక్కడ తేలి, తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఎవరూ నడవలేదు.

డాబా ఉన్నవాళ్ళు డాబా మీద టార్పాలిన్ పట్టాలు కట్టుకున్నారు. లేనివాళ్ళు హైస్కూలు మేడ మీది పునరావాస కేంద్రంలో ఉన్నారు. కింద వంటగదిలోకి దిగడం ఈతకింద లెక్క కాబట్టి ఈత వచ్చినవాళ్ళే దిగి పొయ్యి వెలిగించేవారు. గేదెలు మాత్రం ఎవరినీ అడక్కుండా పొలాల్లో తిరిగి మేసేవి. వాటికి ఈత పుట్టుకతో వస్తుందని అధికారులు పట్టించుకోలేదు. కేంద్రం గుమ్మం దగ్గర నల్లబల్ల మీద రోజూ నీటి లోతు రాసేవారు. ప్రతిరోజూ నిన్నటి లోతే రాసేవారు, ఎందుకంటే గేజీ దగ్గరికి వెళ్ళి మట్టం చూడవలసిన మనిషిని, మూడో హెచ్చరిక అమల్లో ఉండగా ఏటి వైపు వెళ్ళనిచ్చేవారు కారు. కార్తీకంలో ఒక మంత్రిగారు హెలికాప్టర్లో వచ్చి ఊరి మీద తిరిగి వెళ్ళారు. జనం డాబాల మీద నిలబడి చేతులు ఊపారు. పైనుంచి చూస్తే నీరు ఆకుపచ్చగా కనిపించిందని, పాచి పట్టకుండా బ్లీచింగ్ చల్లాలని ఆయన సూచించినట్టు చెప్పుకున్నారు.

హెచ్చరిక ఎందుకు తియ్యలేదంటే, దానికీ కారణం ఉంది. గోదావరికి వరద చెప్పకుండా రాదు. ఎగువన శబరి, ఇంద్రావతి పరీవాహకాల్లో ఎడతెరిపి లేకుండా వానలు పడితే ఆ నీరంతా కొండలు దిగి పెద్ద ఏట్లో కలుస్తుంది. అక్కడి గేజీల దగ్గర ఏరు ఎంత లేచిందో చూసి, ఆ లేచిన నీరు ఆనకట్టకు చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి, లంకలవాళ్ళకు ముందే మైకులో చెబుతారు. మొదటి హెచ్చరిక వస్తే పశువులను మెరకకు తోలుకోవాలి, ఏటిగట్టు మీద కాపలా పెట్టాలి. రెండోది వస్తే గట్టు మీద ఉన్నవాళ్ళు సహా అందరూ అన్నీ వదిలేసి మెరకకు వెళ్ళిపోవాలి. మూడోది వచ్చిందంటే, ఇంకా మిగిలిపోయినవాళ్ళను పడవల మీద తీసుకురావాలి. నీరు తీసేటప్పుడు కూడా అలాగే మూడో దాని నుంచి రెండోదానికీ, రెండో దాని నుంచి మొదటిదానికీ ఒక్కొక్క మెట్టే దిగాలి.

శ్రావణంలో ఎదురుపాయలంకకు మొదటి హెచ్చరిక వచ్చింది. తర్వాత గట్టుకు గండి పడింది. ఆ తర్వాత మూడో హెచ్చరిక వచ్చింది. రెండోది రాలేదు.

ఎందుకు రాలేదో తెలిసినవాళ్ళు లేరు. ఆ రోజు మైకు ఆటో నడిపినవాడు మరో మండలానికి వెళ్ళిపోయాడు. చెప్పమనవలసిన అధికారికి పదోన్నతి వచ్చింది. నీరు తీసిన తర్వాత హెచ్చరికను ఒక మెట్టు దించుదామని చూస్తే, దిగడానికి ఆ మెట్టు లేదు. పోనీ ఇప్పుడు ఇద్దామంటే, నీరు ఆ మట్టానికి ఎక్కుతున్నప్పుడే రెండో హెచ్చరిక ఇవ్వాలి; నీరు అప్పటికే మూడో మట్టంలో ఉంది.

ఆ గండి పడ్డచోట అబ్బులు అనే మనిషి ఉన్నాడు. అతను కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసేవాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. భార్య పేరు పల్లాలమ్మ. పిల్లలు లేరు. అబ్బులు చెల్లెలు భవానిని చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే వాళ్ళిద్దరే పెంచి, అదే ఊళ్ళో రాంపండుకిచ్చి పెళ్ళి చేశారు. మొదటి హెచ్చరిక రాగానే గట్టు కాపలాకి వెళ్ళినవాళ్ళలో అబ్బులు ఒకడు. తెల్లారేసరికి గట్టుకు ఒక చోట బుంగ పడి, అవతలి నీరు ఇవతలికి ఊరడం మొదలైంది. మిగతావాళ్ళు ఇసుక బస్తాలు తేవడానికి ట్రాక్టరు మీద వెళ్ళారు. బుంగను కనిపెట్టి ఉండడానికి అబ్బులు ఒక్కడే మిగిలాడు.

పల్లాలమ్మ అతనికి చద్దన్నం తీసుకుని వెళ్ళింది. ఏరు గట్టు అంచుకు కొంచెం కిందుగా, శబ్దం లేకుండా పోతోంది. చెట్లు, పాకల కప్పులు, ఒకచోట మంచం, నీళ్ళమీద తిరుగుతూ వెళ్ళిపోతున్నాయి. అబ్బులు బుంగ మీద రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడే అన్నం తిన్నాడు.

"ఇంక వచ్చెయ్యవయ్యా, నాకు బయ్యంగా ఉంది" అంది పల్లాలమ్మ.

"ఇంకా రెండోది చెప్పలేదు కదే. ఇప్పుడొచ్చేత్తే బుంగనెవరు చూత్తారు? మైకు చెప్పగానే వచ్చేత్తాను. నువ్వెళ్ళు, భవాని ఒక్కర్తే ఉంటది."

ఆమె గిన్నె తీసుకుని గట్టు దిగింది. పిల్లబాట దాటి కొబ్బరితోటలోకి వచ్చేసరికి వెనక ఏదో కొండ కూలినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే గట్టు ఉన్నచోట ఆకాశం కనిపించింది. తర్వాత ఆమె ఒక కొబ్బరిచెట్టుకు కరుచుకుని ఉండగా పడవవాళ్ళు తీసుకొచ్చారు.

అబ్బులు దొరకలేదు. వరద కొనసాగుతూ ఉండగా అందులో తప్పిపోయిన మనిషిని చనిపోయినట్టు తేల్చడానికి వీల్లేదు. అందుకని అబ్బులు కోసం గాలింపు కూడా కొనసాగింది. ఇద్దరు మనుషులు రోజూ ఒక తెప్ప మీద కూర్చుని, పొడుగాటి కర్రలతో గడ్డిని కెలికి, సాయంత్రానికి ఏమీ దొరకలేదని చెప్పి వెళ్ళేవారు. అతను గట్టు కాపలాలో ఉన్నట్టే లెక్క కాబట్టి కేంద్రంలో అతని పేరు మీద ఒక భోజనం పొట్లం వచ్చేది. మొదటిసారి రెండు పొట్లాలు చేతిలో పెట్టినప్పుడు పల్లాలమ్మ ఏడ్చి, రెండోది తిరిగి ఇచ్చేసింది. తీసుకోకపోతే మనిషి లేనట్టు అవుతుందని వడ్డించేవాడు మెల్లగా చెప్పాడు. అప్పటినుంచి తీసుకోసాగింది. కొన్నాళ్ళకు దాన్ని విప్పి చూసి, "ఇయ్యాల వంకాయ కూర. ఆయనకి పడదు" అని తనలో తాను అనుకోవడం కూడా మొదలుపెట్టింది. ఊళ్ళోవాళ్ళు కూడా ఆమె ముందు అబ్బులు గురించి ఉన్న మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవారు. అది దయతో చేశారో, నిబంధన అనుకుని చేశారో చెప్పడం కష్టం.

మార్గశిరం చివర్లో వరద నిర్వహణ ప్రత్యేకాధికారి పద్మనాభంగారు వచ్చారు. ఆయన మంచివాడు. ఊరి పొలిమేరలో నీటి అంచు అని ఎర్రగుడ్డ కట్టిన కర్ర దగ్గర జీపు ఆపి, లైఫ్ జాకెట్ వేసుకుని, ఎండలో పడవలో కూర్చుని మధ్యాహ్నందాకా ప్రయాణం చేసి కేంద్రానికి చేరారు. దారిలో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. సర్పంచి సూర్యారావును వెంటబెట్టుకుని నేరుగా పల్లాలమ్మ దగ్గరికి వచ్చి చాపమీద కూర్చున్నారు.

"ఆ రోజు గండి పడేముందు గట్టు దగ్గర ఉన్నది మీరూ మీ ఆయనా కదమ్మా?"

"అవునండి."

"మిగతా ఊరంతా దూరంగా ఉంది. కాబట్టి రెండో హెచ్చరిక ఇచ్చి ఉంటే అది వినవలసింది మీరే."

"ఇవ్వలేదండి బాబూ."

"వినపడలేదు అనండి. గాలి గట్టిగా ఉందేమో."

"గాలేం లేదండి. ఆకు కదల్లేదు. ఆయన దానికోసమే చెవొగ్గి ఉన్నాడండి. చెప్పగానే వచ్చేత్తానన్నాడు."

పద్మనాభంగారు కొంతసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మీరు విన్నానని ఒక్కమాట చెబితే రెండో హెచ్చరిక ఇచ్చినట్టు అవుతుందమ్మా. అది ఉంటే ఆ సాయంత్రమే నీటిని ఒక మెట్టు దించుతాం. రెండురోజుల్లో ఊరు బయటపడుతుంది."

"సార్వా పంట ఎలాగూ పోయింది" అన్నాడు సర్పంచి. "దాళ్వా అయినా వేసుకుంటారమ్మా జనం. నారుమళ్ళు పోసుకునే అదును దాటిపోతంది."

పల్లాలమ్మ చాప అంచులోంచి పుల్ల ఒకటి లాగుతూ కూర్చుంది. తర్వాత అడిగింది. "నేను విన్నానంటే, ఆయనా విన్నట్టే కదండీ?"

"అంతే కదమ్మా."

"విని, రాలేదన్నట్టు కదండీ?"

పద్మనాభంగారు అబద్ధం చెప్పలేదు. "అవునమ్మా. అలాగే అవుతుంది."

"అయితే నేను వినలేదండి" అంది పల్లాలమ్మ.

ఆయన లేచి నమస్కారం పెట్టి, చీకటి పడకముందు ఎర్రగుడ్డ చేరాలని బయలుదేరారు.

ఊళ్ళో ఎవరూ ఆమెను నిందించలేదు. అదే ఆమెకు ఎక్కువ బరువుగా తోచింది. ఆడవాళ్ళు పక్కన చేరి ఆమె తల దువ్వుతూ, తమ పిల్లలు నేల మీద నడవడం మరిచిపోతున్నారని, ఇంత పెరిగిన పిల్లలు మంచం మీంచి దిగేముందు ఊపిరి బిగబట్టుకుంటున్నారని, మామూలు కబుర్లలా చెప్పేవారు. రైతులు డాబాల అంచున కూర్చుని తమ పొలాల వైపు చూసేవారు. ఏసుదాసు మాత్రం ఒక్కసారి అన్నాడు. "నీకెలా అనిపిత్తే అలా చెయ్యక్కా. పడవ అడుగు మటుకు పల్చబడిపోయింది."

భవానికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళకు నొప్పులు మొదలయ్యాయి. ఫోను చేస్తే అంబులెన్సు త్వరగానే వచ్చి ఎర్రగుడ్డ దగ్గర ఆగింది. కేంద్రం మేడమీంచి చూస్తే దాని తెల్లటి కప్పు, తిరుగుతున్న దీపం కనిపిస్తున్నాయి. మామూలు రోజుల్లో ఆడపిల్లలు కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోయే దూరం. భవానిని పడవలో పడుకోబెట్టారు. పల్లాలమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. రాంపండు, ఏసుదాసు, మరి నలుగురు గెడలు వేశారు. చెమటకు దుమ్ము అంటి వాళ్ళ ముఖాలు ఎవరివో గుర్తుపట్టలేకుండా అయిపోయాయి. సగం దూరం వచ్చాక పడవ అడుగున ఉన్న చెక్క పట్టుమని పగిలింది. ఒక బండరాయి పగుల్లోంచి లోపలికి పొడుచుకొచ్చి, పడవ ఇక కదలలేదు.

అక్కడ లోతు ఎక్కువ. నల్లబల్ల మీద రోజూ రాసే లోతు సరిగ్గా ఆ చోటిదే. ఏసుదాసు విజిల్ ఊది ఎర్రజెండా ఊపాడు. అవతలి నుంచి రక్షణ పడవను పంపిస్తున్నామని మైకులో చెప్పారు.

"నన్ను దింపండి, నడుత్తాను" అంది భవాని. "వదినా, అదిగో అక్కడే ఉంది కదా. నన్ను దింపు వదినా."

"వద్దమ్మా. మునిగిపోతావు" అన్నాడు ఏసుదాసు.

రాంపండు భార్యను ఎత్తుకోవడానికి వంగి, పడవ అంచు మీంచి కిందికి చూశాడు. అలాగే ఆగిపోయాడు. "నాకు ఈత రాదక్కా" అన్నాడు పల్లాలమ్మతో, క్షమించమన్నట్టు.

పల్లాలమ్మ కూడా కిందికి చూసింది. బీటలు వారిన ఒండ్రు మీద ఎర్రచీమలు బారుగా వెళుతున్నాయి. ఒక పిచ్చిక దుమ్ములో పొర్లాడుతోంది. ఒక్క కాలు కింద పెట్టాలని ఆమె గట్టిగానే అనుకుంది. కాలు పడవ అంచుదాకా వెళ్ళింది. శ్రావణంలో కొబ్బరిచెట్టును కరుచుకున్నప్పుడు నడుం చుట్టూ లాగిన నీటి ఈడ్పు మళ్ళీ తెలిసింది. ఆమె కాలు వెనక్కి తీసుకుని, భవానిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది, కొట్టుకుపోకుండా.

రక్షణ పడవ కూడా గెడలతోనే రావాలి. అది వచ్చేసరికి ఎండ వాలింది. అప్పటికే భవానికి ఆడపిల్ల పుట్టింది. పల్లాలమ్మ పిల్లను తలకిందులుగా పట్టి తట్టింది, నోట్లో ఊదింది, పేరుపెట్టి కూడా పిలిచింది. పిల్ల ఏడవలేదు. ఎర్రగుడ్డ దగ్గర అంబులెన్సులోని మనిషి పరీక్షించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, పిల్ల మునిగిపోయిందని చెప్పాడు. అతని మాటను ఎవరూ కాదనలేదు. వరద మృతుల్లో ఒకరు పెరిగారని ఆ సాయంత్రం ప్రకటించారు.

భవాని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు పల్లాలమ్మ ఆమెకు తల అంటి, జుట్టు ఆరబెట్టింది. భవాని గోడవైపు తిరిగి పడుకుని, కొంతసేపయ్యాక, "అన్నయ్య ఉంటే దిగేవాడు" అంది.

పల్లాలమ్మ లేచి, కేంద్రంలో కూర్చునే గుమస్తా దగ్గరికి వెళ్ళి, "పద్మనాభంగారిని రమ్మనండి. నాకు గుర్తొచ్చింది" అంది.

విచారణ హైస్కూలు మేడమీద ఎనిమిదో తరగతి గదిలో జరిగింది. ఊరంతా వరండాలో నిలబడింది. పద్మనాభంగారు ఆమెకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, నెమ్మదిగా అడిగారు.

"రెండో హెచ్చరిక విన్నారా?"

"విన్నానండి."

"ఏం చెప్పారు?"

"రెండో పెమాద హెచ్చరిక అన్నారండి. గట్టుమీదున్నోళ్ళందరూ ఉన్నపళంగా దిగి మెరకకి వచ్చెయ్యండి అన్నారండి."

"ఎన్నిసార్లు?"

"చాలాసార్లు అన్నారండి."

"అబ్బులు విన్నాడా?"

పద్మనాభంగారు తల ఎత్తకుండా కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు.

"విన్నాడండి" అంది పల్లాలమ్మ.

"విని ఏమన్నాడు?"

"నువ్వెళ్ళు అన్నాడండి."

వరండాలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆ మధ్యాహ్నమే హెచ్చరికను మూడో దాని నుంచి రెండోదానికి దించారు. మర్నాడు మొదటిదానికి దించారు. ఆ మర్నాడు పొద్దున్న పూర్తిగా తీసేసి, ఎదురుపాయలంకలో వరద తగ్గిందని మైకులో చెప్పారు. జనం మెట్లు దిగి, ఆఖరి మెట్టు దగ్గర ఆగి, ముందు ఒక కాలు పెట్టి చూశారు. ఆడవాళ్ళు అలవాటుగా చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్నారు. తర్వాత పిల్లలు పరిగెత్తారు, వాళ్ళ వెనక కుక్కలు పరిగెత్తాయి. ఎక్కడి నుంచో ట్రాక్టరు చప్పుడు వినిపించింది. సర్పంచి సూర్యారావు తన వరిచేలో నిలబడి చేతులతో మట్టి తీసి ముఖానికి రాసుకున్నాడు.

తెప్ప మీద గాలించే ఇద్దరినీ వెనక్కి పిలిచారు. అబ్బులు చనిపోయినట్టు ప్రకటించారు. హెచ్చరికను విని కూడా లక్ష్యపెట్టకపోవడం వల్ల మరణం సంభవించిందని కారణం చూపారు. మర్నాటినుంచి పొట్లాలు లేవు. ఇంట్లో పొయ్యి వెలిగించినప్పుడు పల్లాలమ్మ ఎసట్లో ఇద్దరికి సరిపడా బియ్యం పోసి, గుర్తొచ్చి, సగం తీసెయ్యబోయి, తడిసిన బియ్యాన్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే వండింది.

ఊరు ఆమెను బాగా చూసుకుంది. ఎవరింట్లో ఏం వండినా ఒక గిన్నె పంపేవారు. అంతేకాదు, కొద్దిరోజుల్లో మిగతావాళ్ళకు కూడా గుర్తురావడం మొదలైంది. "నాకూ ఇనపడిందక్కా, దూరం నించి" అన్నాడు ఏసుదాసు ఒకనాడు కొత్త పడవకు తారు పూస్తూ. బస్తాలకోసం ట్రాక్టరు మీద వెళ్ళినవాళ్ళకు ఇంజను చప్పుడులో సగం సగం వినిపించిందట. సర్పంచి ఇంట్లో కాఫీ తాగుతూ విన్నాడట. ఒక ముసలావిడ ఆ మైకు గొంతు జలుబు చేసినట్టు ఉందని చెబితే, అవునవునని చాలామంది ఒప్పుకున్నారు.

పల్లాలమ్మ మొదట ఈ మాటలు విని తల దించుకుని వెళ్ళిపోయేది. కానీ అందరూ ఆమెనే అడిగేవారు, దగ్గరగా విన్న మనిషి ఆమె కదా. అడిగినప్పుడల్లా చెప్పేది. ముందు ఆటో చప్పుడు వచ్చిందని చెప్పింది. తర్వాత దాని రంగు చెప్పింది. తర్వాత ఆ గొంతు మధ్యలో ఒకసారి దగ్గిందని చెప్పింది. చెప్పీ చెప్పీ, ఒకరోజు బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండగా ఆ గొంతు ఆమెకు వినిపించింది. కొబ్బరితోట అవతలి నుంచి, స్పష్టంగా, దగ్గుతో సహా. ఆమె చేట పక్కనపెట్టి చివరిదాకా విన్నది. అక్కడ గట్టుమీద అబ్బులు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, తలెత్తి, తనతోపాటు అదంతా వినడం కూడా కనిపించింది.

దాళ్వా బాగా పండింది. ఎండాకాలం గడిచి, ఆషాఢంలో ఎగువన వానలు మొదలయ్యాయి. శబరి పొంగిందని, ఇంద్రావతి కూడా పొంగిందని, నీరు ఆనకట్ట వైపు దిగుతోందని చెప్పారు. ఒకనాటి ఉదయం ఎదురుపాయలంకకు మొదటి హెచ్చరిక వచ్చింది. గండి పూడ్చినచోట గట్టు ఇంకా కొత్తగా, మెత్తగా ఉంది. దాని కాపలాకి వెళ్ళిన మగవాళ్ళలో రాంపండు ఉన్నాడు. వెళ్ళేముందు అతను భార్యను పల్లాలమ్మ ఇంట్లో దింపి, పార భుజాన వేసుకున్నాడు.

"రెండోది చెప్పగానే వచ్చెయ్యాలి తమ్ముడూ" అంది పల్లాలమ్మ. "మీ బావలాగా మొండికెయ్యకు."

"అలాగే అక్కా" అన్నాడు రాంపండు, నవ్వి.

అతను వెళ్ళినవైపే చూస్తూ భవాని గుమ్మంలో నిలబడింది. మళ్ళీ నెలతప్పిన సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. తోటల అవతల ఏరు ఎంత లేచిందో ఇక్కడికి కనిపించదు. గాలి లేదు. కాసేపటికి ఆమె వచ్చి వదిన పక్కన అరుగు మీద కూర్చుంది.

"నాకు బయ్యంగా ఉంది వదినా. రెండోది చెప్పకపోతే?"

"ఎందుకు చెప్పరే? పోయినేడు చెప్పలేదా? ఊరంతా విన్లేదా?"

"అన్నయ్య నిజంగా విన్నాడా?"

"నా పక్కనే నిలబడి విన్నాడు" అంది పల్లాలమ్మ. ఆమె గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "అన్ని సార్లు చెప్పారు. దిగి వచ్చెయ్యండి, వచ్చెయ్యండి అని. బతిమాలినట్టు చెప్పారు. నేను చెయ్యిపట్టుకుని లాగాను కూడా. వినిపించుకుంటే కదా. నా గురించి ఆలోచించాడా? నీ గురించి ఆలోచించాడా? అలా నిలబడిపోయాడు. ఎంత కానిమనిషే మీ అన్నయ్య!"

అని ఆమె ఏడ్చింది. వరదలో అతను పోయినప్పుడూ, పోయినట్టు ప్రకటించినప్పుడూ ఏడ్చిన ఏడుపు కాదు అది. ఇంటికి రాని మొగుడిమీద కోపం వచ్చి పెళ్ళాలు ఏడ్చే ఏడుపు. భవాని ఆమె వీపు నిమిరి, అవును వదినా, చిన్నప్పటినుంచీ అంతే, ఎవరి మాటా వినేవాడు కాదు అంది.

తర్వాత ఇద్దరూ కళ్ళు తుడుచుకుని, మాట్లాడుకోవడం మానేసి, తోటల వైపు చెవులొగ్గి కూర్చున్నారు.